ఐదు చుక్కల పెట్టె

మార్కాపురం,
4 సెప్టెంబరు 2024.

బ్రహ్మం బావకు,

బాబావలి రాయునది. ఇక్కడ నేనూ లాల్బీ క్షేమం. మీ పల్లెలో టవర్ అందదు. అందినా ఫోన్‌లో నేను ఊ అనడం తప్ప ఇంకేమీ మాట్లాడనని నువ్వే అంటావు. అందుకని రాస్తున్నాను.

రేడియో దుకాణం తెరిచే ఉంది. నా రోజువారీ పుస్తకం ప్రకారం ఆగస్టు నెలలో వచ్చిన రేడియోలు: ఒకటి. లోపల కందిరీగలు గూడు పెట్టాయి, తీసిపెట్టమన్నాడు తెచ్చినాయన. తీశాను. రేడియో కూడా పలికింది. ఆయన గూడు పోయిందో లేదో చూసుకుని, రేడియోను ఇక్కడే వదిలేసి పోయాడు. ఇప్పుడు బల్ల మీద మొత్తం పంతొమ్మిది.

అసలు విషయం ఇది. ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో రేడియో క్లబ్బు ఉంది. ఆదివారాలు పిల్లలకు రేడియో పని నేర్పడానికి ఒక మనిషి కావాలి. రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాను. ఏడో తరగతి చదువని రెండుసార్లూ పక్కన పెట్టారు. క్లబ్బు కార్యదర్శి మోహన్‌కృష్ణ గారు లెక్చరరు, మంచివాడే. మూడోసారి పోతే ఒక దారి చెప్పాడు. డిసెంబరు ఎనిమిదిన గిద్దలూరు దగ్గర అడవిలో పోటీ పెడుతున్నారు. ఐదు చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టెలు దాస్తారు. వాటిని నక్కలంటారు. ఒక్కొక్కటి వంతు ప్రకారం ఐదు నిమిషాలకోసారి, ఒక నిమిషం పాటు కూస్తుంది. ఆ కూత మామూలు చెవికి వినపడదు, రేడియోలోనే వినాలి. అది ఎటునుంచి వస్తుందో చూసుకుంటూ పోయి, పెట్టెకు కట్టిన పంచ్‌తో కార్డుకు చిల్లు వేసుకుని రావాలి. రెండున్నర గంటల్లో ఐదూ.

"మీరు చేసిన రేడియోతోనే ఐదూ పట్టుకురండి బాబావలి గారూ, చదువు సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు.

నాకు అరవై ఒకటి. మిగతావాళ్లు పరిగెత్తే వయసు పిల్లలు. నేను నడుస్తాను. చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి బావా. పేరు ఇచ్చి వచ్చాను.

పోటీ జరిగేది మీ కొండపక్క అడవిలోనే. తెలియజేయడానికి రాశాను, ఇంకేమీ కాదు.

ఇట్లు,
బాబావలి


బండమీదపల్లె, గిద్దలూరు మండలం,
16 సెప్టెంబరు 2024.

బాబావలి బావకు బ్రహ్మం రాసేది,

నీ ఉత్తరం అందినప్పుడు నేను నవ్వలేదు, మా చెంచులక్ష్మి నవ్వింది. అరవై ఏండ్లకు మా అన్న అడివిలో నక్కల ఎనకాల తిరగతాడా అని. మేకలు కాసే ఇంట్లో నక్క పేరెత్తితేనే దానికి ఒళ్లు మండుతుంది. నక్కంటే పెట్టె అని నేను చెప్పినా. అయితే పెట్టె అనొచ్చు గదా, మజ్జన నక్క ఎందుకు అనె. నాకు తెలిస్తే గదా చెప్పడానికి.

ఇప్పుడు నా వార్త విను. మీ మోహన్‌కృష్ణ సారు మొన్న ఇక్కడికి వచ్చినాడు. పులుల హద్దుకు ఇవతలే ఉండాలని అటవీ శాఖోళ్లు గీత గీసి ఇచ్చినారంట. ఆ గీత లోపల అడివి తెలిసిన మనిషి ఎవరని అడిగితే ఊరంతా నన్ను చూపించినారు. పెట్టెలు పెట్టేటప్పుడు దారి చూపించేది నేనే. పోటీ నాడు బండ మీద కూర్చుని కాపలా కాసేది నేనే. నాకు టోపీ కూడా ఇస్తాడంట. చోట్లు ఎవరికీ చెప్పకూడదని ప్రమాణం చేయించుకున్నాడు. చేసినా. కాని నువ్వు ఆ ‘ఎవరికీ’ అనే మాట కిందికి రావు గదా బావా. మొదటి పెట్టె ఎక్కడనుకున్నావు, వాగు దాటినాక కవల నల్లమద్ది చెట్లుంటాయి చూడు, ఆ రెండో దాని

సరే, ఆపుతున్నా. నీకు కోపమొస్తుంది.

ఇంట్లో ఇంకో ముచ్చట. నా కళ్లద్దాలు పోయినాయి. మూడు రోజులు వెతికినా. నాలుగో దినం మందంతా ఇంటికొస్తుంటే ముందు నడిచే పోతు మెడలో ఊగతా కనపడినాయి. ఆ పోతును మేం తాసీల్దారు అంటాం, అది కదలకుండా మందలో ఏ పనీ జరగదు కాబట్టి. చెంచులక్ష్మికి అడివిలో ఏం దొరికినా సరే, టిఫిన్ క్యారియరు గాని, టవలు గాని, తాసీల్దారు మెడకు కడతది. నాలుగూళ్లు తిరుగుతుంది గదా, ఎవరిదో వాళ్లే చూసి గుర్తు చెప్పి తీసుకుంటారు. వాళ్ల నాయన నుంచి వచ్చిన పద్ధతి. నా కళ్లద్దాలకు కూడా గుర్తు చెప్పమని అడిగింది. ఎడమ కాడకు దారం కట్టి ఉంటదని చెప్పినాకే ఇచ్చింది. ముప్పై ఏండ్ల కాపురం.

లాల్బీ చెల్లెమ్మను అడిగినానని చెప్పు.

ఇట్లు,
నీ బ్రహ్మం


మార్కాపురం,
25 సెప్టెంబరు 2024.

బ్రహ్మం బావకు,

ఉత్తరం అందింది. కవల నల్లమద్ది చెట్ల దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూసుకున్నాను. కాని చదివాక మూసుకున్నాను.

మరునాడు కాలేజీకి పోయి మోహన్‌కృష్ణ గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన ఆ పెట్టె చోటు మార్చుకుంటానన్నాడు. నీ టోపీ మాత్రం తీసెయ్యడు. అడవి తెలిసినవాడు ఇంకొకడు దొరకడట. ఉత్తరాలు మానుకోమనీ అనలేదు. మీ ఇష్టం, మీ నిజాయితీ అన్నాడు. అది ఇంకా కష్టం.

కాబట్టి ఏర్పాటు చేశాను. ఇకపై నీ ఉత్తరం లాల్బీ ముందు చదువుతుంది. పెట్టెల చోటు తెలిపే మాట ఏదైనా ఉంటే కత్తెరతో కత్తిరించి, మిగిలింది నాకిస్తుంది. కత్తిరించిన ముక్కలు తన దగ్గరే దాచుకుంటుంది. నువ్వు రాయకుండా ఉండగలిగితే ఇంకా మంచిది. ఉండలేవని తెలుసు.

రేడియో తయారైంది. పాత ట్రాన్సిస్టర్లో ఉండే నల్లకడ్డీకి తీగ చుట్టి, ప్లాస్టిక్ గొట్టంలో పెట్టాను. చెవిలో ఒక గొట్టం. కడ్డీ మొన పెట్టెవైపు తిరిగితే కూత పెరగదు, పోతుంది. కొత్తవాళ్లు కూత పెద్దగా ఉన్నవైపు పరిగెత్తుతారు. కూత ఆగిపోయిన వైపు పోవాలి. ఒకే ఇబ్బంది, పెట్టె ముందుందో వెనకుందో కడ్డీ చెప్పదు. అందుకు సైకిల్ చువ్వ ఒకటి తగిలించాను. ఒక్కోసారి అది చెబుతుంది.

చిన్న ట్రాన్స్‌మిటర్ చేసి ఇంట్లో దాచమని లాల్బీకి ఇచ్చాను. బియ్యం డబ్బాలో దాచింది: నాలుగు నిమిషాలు. పరుపు కింద: రెండు. నిన్న నలభై నిమిషాలు ఇల్లంతా తిరిగాను, పెట్టె దిక్కు మారుతూనే ఉంది. చివరికి చూస్తే పెట్టె లాల్బీ కొంగు మూటలో ఉంది. ఇది పోటీ నియమాలకు విరుద్ధమని చెప్పాను. నియమాలు నక్కకు చెప్పండి అంది.

ఇట్లు,
బాబావలి


బండమీదపల్లె,
7 నవంబరు 2024.

బాబావలి బావకు, ఈ ఉత్తరం ముందుగా చదివే లాల్బీ చెల్లెమ్మకు,

బ్రహ్మం రాసేది. ఇక్కడ వానలు అయిపోయినాయి. కంది పూత మీదుంది. చెల్లెమ్మా, ఇది కత్తిరించొద్దు, ఇది కంది సంగతి.

సారు నిన్న వచ్చి ఐదు చోట్లూ ఖాయం చేసుకుని పోయినాడు. మొదటిది (కత్తెర) కింద. రెండోది నడిచే దారికి (కత్తెర) గజాల దూరంలో, నేనే చూపించినా, రేగుముండ్లు గీసుకుని చేతులు చూడాల నావి. మూడోది చెప్పనే చెప్పను, చెప్పనని ఒట్టు, కాని నీకు చిన్నప్పుడు కాలు బెణికింది గుర్తుందా, (కత్తెర). నాలుగోది ఊహించలేవులే, (కత్తెర, కత్తెర).

ఐదో దాని గురించి నాకు కొంచెం దిగులుగా ఉంది. ఎందుకంటే (ఇక్కడ ఏడు వరసలు కత్తెర) అని నేను అంటే ఆమె మొహం అట్ల తిప్పుకుని పోయింది. చూద్దాం. దేవుడున్నాడు.

బావా, నువ్వు బడి నాటి నుంచీ ఇట్లే. పరీక్షలో పక్కవాని పలక కనపడకూడదని గోడవైపు తిరిగి కూర్చునేవాడివి. అయ్యవారు దాన్ని కూడా తప్పే అని కొట్టినాడు. నువ్వు ఆ ఆదివారం బడి సంపాదించుకోవాల. అది నీకు రావాలని నేను బండ మీద కూర్చుని మొక్కుకుంటా. ఏ బండ అంటే (కత్తెర).

ఇట్లు,
బ్రహ్మం


మార్కాపురం,
15 నవంబరు 2024.

బ్రహ్మం బావకు,

నీ ఉత్తరం నాకు అందేసరికి జల్లెడలా ఉంది. వెనక పేజీలో మీ కంది పంట సంగతి కూడా చాలావరకు పోయింది, ఎందుకంటే ముందు పేజీ కత్తిరిస్తే వెనకదీ పోతుంది. కాగితానికి ఒకవైపే రాయి.

ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, ఇప్పుడు ఐదు చోట్లూ లాల్బీకి తెలుసు. ఆమె మాట తప్పే మనిషి కాదు. నోరు విప్పలేదు. కాని మొహం ఉంది కదా. నేను పటం పరిచి చూస్తుంటే టీ ఇచ్చే నెపంతో వచ్చి నిలబడుతుంది. నా వేలు ఒక చోటికి పోతే నిట్టూరుస్తుంది. ఇంకో చోటికి పోతే కొంగు సర్దుకుంటుంది. మొన్న అన్నం పెడుతూ, మీకున్నవి పాత చెప్పులు గదా, రాళ్ల మీద జారతాయేమో అంది. నేను చెవులు మూసుకున్నాను. చెవులు మూసుకుని అన్నం తినడం కుదరలేదు. అప్పటి నుంచి దుకాణంలోనే పటం చూస్తున్నాను.

ఆరోగ్యం: మోకాళ్లు బాగున్నాయి. రోజూ ఉదయం చెరువు కట్ట మీద రెండు గంటలు నడక. పుస్తకంలో రాస్తున్నాను. రెండు గంటల పదిహేను నిమిషాల్లో తొమ్మిది కిలోమీటర్లు.

నిన్న మోహన్‌కృష్ణ గారు కనిపించారు. పాత నియమం ఇంకా ఉందా అని అడిగాను. ఉంది, కార్డు మీద ఐదు చిల్లులుండాలి, నాలుగైతే కమిటీ ముందు నేను ఏమీ చెప్పలేను అన్నారు. సరే అన్నాను. నాలుగోసారి అర్జీ పెట్టుకునే మొహం నాకు లేదు. ఇది చివరిది.

ఇట్లు,
బాబావలి


బండమీదపల్లె,
28 నవంబరు 2024.
(పోస్టు కార్డు. మధ్యభాగం మొత్తం కత్తెర. మిగిలింది చుట్టూ అంచు మాత్రం.)

బావా,

ఇట్లు బ్రహ్మం. టోపీ వచ్చింది.


మార్కాపురం,
10 డిసెంబరు 2024.

బ్రహ్మం బావకు,

ఎనిమిదో తేదీ ఆదివారం సంగతి నా పుస్తకం చూసి వరసగా రాస్తున్నాను.

పోటీకి వచ్చినవాళ్లు ముప్పై ఒక్క మంది. మార్కాపురం, పొదిలి, ఒంగోలు పిల్లలు. నేను తప్ప అందరూ బూట్లు వేసుకున్నారు. మోహన్‌కృష్ణ గారు నియమాలు చదివారు. అడవిలోకి పోయాక పోటీదారులు ఒకరితో ఒకరు మాట్లాడరాదు. ఈ నియమం విని పిల్లలు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. నేను ఇంత మంచి నియమం ఉన్న సభకు ఇంతవరకు పోలేదు.

9:00 బయలుదేరాము.

కూత చివర చుక్కలు ఎన్ని ఉంటే అది అన్నో నంబరు పెట్టె. 9:04కు ఐదు చుక్కల పెట్టె వినిపించింది. దిక్కు నలభై డిగ్రీలు. రాసుకున్నాను. అది దూరం, చివరికి చూసుకుందామనుకున్నాను.

ఒకటో పెట్టె: సైకిల్ చువ్వ మోసం చేసింది. పావుగంట సరిగ్గా ఎదురు దిక్కుకు నడిచాను. చెట్టు మీద కోతి కూడా నన్ను చూసి దిగి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి, 9:36కు చిల్లు వేశాను. వెదురు పొద కింద ఉంది. రెండోది 9:52, ముళ్లు నిజమే. మూడోది 10:10, కాలు బెణికిన చోటుకు పది గజాల్లో. నాలుగోది 10:28.

ఇక ఐదోది. మధ్యమధ్యలో దాని దిక్కు రాసుకుంటూనే ఉన్నాను. గీతలు గీస్తే ఏ మూడూ ఒకచోట కలవడం లేదు. నా లెక్క తప్పనుకున్నాను. తరువాత కడ్డీ తప్పనుకున్నాను. చుట్టూ పిల్లలు అటూ ఇటూ పరిగెత్తుతున్నారు. ఒక గుంపు తూర్పుకు పోతుంటే ఇంకో గుంపు అక్కడినుంచే ఎదురొస్తోంది. మాట్లాడరాదు కాబట్టి ఒకరినొకరు కోపంగా చూసుకుంటున్నారు. పొదిలి అమ్మాయి, పేరు కావ్య అని తరువాత తెలిసింది, దారి మధ్యలో కూర్చుని తన రేడియోను చెప్పుతో కొట్టినట్టు చేత్తో కొడుతోంది.

నేను ఒక రాయి మీద కూర్చున్నాను. 10:34, డెబ్భై డిగ్రీలు. కదలకుండా కూర్చున్నాను. 10:39, డెబ్భై ఎనిమిది. 10:44, ఎనభై ఆరు. రాయి కదల్లేదు. నేను కదల్లేదు. కాబట్టి పెట్టె నడుస్తోంది.

లాల్బీ కొంగు మూట గుర్తొచ్చింది. తరువాత నీ కళ్లద్దాలు గుర్తొచ్చాయి.

ఐదు నిమిషాలకు ఎనిమిది డిగ్రీలంటే పరిగెత్తేది కాదు, మేస్తూ పోయేది. పదకొండు గంటలకు మేకలు ఎటు పోతాయో రేడియో అడగనక్కర్లేదు. నీళ్లకు పోతాయి. పటంలో వాగు వెడల్పైన చోట మడుగు ఉంది. కూత వచ్చే వైపు పోకుండా నేరుగా మడుగుకు పోయి నీడలో కూర్చున్నాను. 10:57కు గంట చప్పుడు వినిపించింది. ముందు తాసీల్దారు వచ్చింది. మెడలో గంట, గంట పక్కన నారింజ రంగు పెట్టె, పెట్టెకు వేలాడుతున్న జెండా, పంచ్. 10:59కు చెవిలో ఐదు చుక్కలు పడ్డాయి. చెవి పగిలిపోతుందేమో అన్నంత గట్టిగా పడ్డాయి.

కొమ్ము పట్టుకుని చిల్లు వేశాను. ఐదో చిల్లు. 11:00.

ఇక్కడే తప్పు జరిగింది. తప్పు నాదే. జేబులోంచి పుస్తకం తీసి, గంట, నిమిషం, దిక్కు రాసుకుంటున్నాను. కార్డు ఎడమచేతిలో ఉంది. రాయడం అయి చూసేసరికి కార్డు ఎడమచేతిలో లేదు. తాసీల్దారు నముల్తోంది. మూల ఒకటి మిగిలింది. దాని మీద నా పేరులో మొదటి అక్షరం ఉంది.

చెల్లెమ్మ చెంచులక్ష్మి దూరంగా మంద వెనక ఉంది, చూడలేదు. కేక వేసి చెప్పాలంటే నియమం గుర్తొచ్చింది. ఆమె పోటీదారు కాదని తరువాత తట్టింది.

11:24కు గమ్యం చేరాను. కార్డు ఏదన్నారు. మూల చూపించాను. కార్డు లేకుంటే లెక్కలోకి రాదని మోహన్‌కృష్ణ గారు అన్నారు. ఆయన తప్పు లేదు. నియమం అది. ఐదోది ఇంకెవరికీ దొరకలేదు కాబట్టి నాలుగు దొరికినవాళ్లలో ముందు వచ్చినవాళ్లకు బహుమతులు. నా పేరు చివర రాశారు.

తరువాత ఏమైందో నువ్వు బండ మీదినుంచి చూశావు. నేను రాయను.

ఇట్లు,
బాబావలి


బండమీదపల్లె,
17 డిసెంబరు 2024.

బాబావలి బావకు,

నువ్వు రాయవు గాబట్టి నేను రాస్తా.

ముందు ఒక నిజం. నేను బండ మీద కాపలా కాయలేదు. నిద్ర పోయినా. టోపీ మొహం మీద వేసుకుంటే చల్లగా ఉండింది. ఐదో పెట్టె నా ముందునుంచే పోయింది, నాకు తెలీదు. ఈ సంగతి సారుకు చెప్పవద్దు. నువ్వు ఎట్లయినా చెప్తావు. అందుకే ఇట్ల అడుగుతున్నా: చెప్పేటట్టయితే నన్ను టోపీ తిరిగి ఇచ్చెయ్యనీ.

నేను లేచేటప్పటికి సారూ, ఆ ముప్పై మంది పిల్లలూ వాగు కాడ నిలబడి ఉండారు. ఐదో పెట్టె పోతే కాలేజీకి ఏం చెప్పాలని సారు తల పట్టుకున్నాడు. అందరి చేతుల్లో రేడియోలు, ఎవరికీ పెట్టె దొరకదు. అప్పుడు చూసినా నిన్ను. ఆ పొదిలి పిల్ల దగ్గరికి పోయి దాని రేడియోను దాని చేతిలోనే తిప్పినావు. నోరు కదిలింది. నేను కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసినా. ఇంకా కదులుతుండింది. నీ నిఖా నాడు కూడా నీ నోరు అంతసేపు కదలడం నేను చూడలేదు.

బండ దిగి వచ్చినా. కూత పెద్దగా ఉన్నకాడికి పోవద్దండి, అది ఆగిపోయినకాడికి పొండి అని చెప్తుంటివి. ఒకరికి దిక్కు పట్టిస్తివి, ఇంకొకరికి గీత గీయడం చూపిస్తివి. సారు కూడా తన రేడియో పట్టుకుని పిల్లల వరసలో నిలబడినాడు. నువ్వు ఆయన మోచెయ్యి పట్టి సరి చేసినావు. నలభై నిమిషాలు పట్టింది. నువ్వొక్కనివే అయితే పది నిమిషాల్లో తెచ్చేవాడివి. తేలేదు. వాళ్ల చేతనే పట్టించినావు. ముందు పొదిలి పిల్లే తాసీల్దారు కాడికి పోయి నిలబడింది.

తరువాతిది నువ్వు రాయవని నాకు తెలుసు. సారు పెట్టె విప్పబోతే మా చెంచులక్ష్మి కర్ర అడ్డం పెట్టింది.

"మీదేనా సారూ?"

"మాదేనమ్మా. కాలేజీది."

"అయితే గుర్తు చెప్పండి."

నారింజ రంగని చెప్పినాడు. అది నాకూ కనపడతాందనె. జెండా ఉంటదని చెప్పినాడు. అదీ కనపడతాందనె. ఐదు పెట్టెలూ ఒకే తీరు, సారుకు వేరే గుర్తేం తెలుస్తుంది. పెద్ద చదువు చదివిన మనిషి మేక ముందర నీళ్లు నమిలినాడు. ఇంతలో నువ్వు ముందుకొచ్చినావు.

"చెల్లెమ్మా, దీని లోపల ఐదు చుక్కలున్నాయి" అన్నావు.

"లోపల ఉండేది ఎవరు చూసొచ్చినారన్నా?"

నువ్వు నీ చెవి గొట్టం తీసి దాని చెవిలో పెట్టినావు. అందరం నిలబడినాం. నాలుగు నిమిషాలు మేకలు తప్ప ఎవరూ మాట్లాడలేదు. తరువాత మా ఆమె వేళ్లు మడవడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.

"ఔ, ఉండాయి. తీసుకోండి" అని కర్ర తీసింది.

అప్పుడే కార్డు సంగతి అడిగినాడు సారు. మా తాసీల్దారు ఏదీ వదలదు సారూ, మొన్న ఎండాకాలం ఓటరు చీటీ కూడా తినింది అని చెప్పింది. ఆయన రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో నాకు కనపడలేదు. నీ అర్జీ ఏమైంది బావా? అది ఒక్కటే నువ్వు రాయలేదు.

ఇంకొకటి. నేను నవంబరులోనే నీకు చెప్పినా గదా, ఆమె పెట్టె చూస్తే ఊరుకోదని. చదవలేదా?

ఇట్లు,
బ్రహ్మం


మార్కాపురం,
24 డిసెంబరు 2024.

బ్రహ్మం అన్నకు, చెంచులక్ష్మి వదినకు,

లాల్బీ సలాం చెప్పి రాయడం. మీ ఉత్తరం ఎప్పటిలాగే ముందు నేను చదివినా. చివర చదవలేదా అని ఆయనను అడిగినారు గదా అన్నా. ఆ తప్పు నాది.

ఈ కవరులో కత్తిరించిన ముక్కలన్నీ పెట్టి పంపిస్తా ఉండా. పోటీ అయిపోయింది కాబట్టి ఇంక నా దగ్గర ఉండకూడదు. ఏడు వరసల ముక్క పైన పెట్టినా, చూడండి. అందులో మీరు రాసింది ఇది: ఐదోది చెంచులక్ష్మి మేకలు తిరిగే దారిలోనే పెడుతున్నారు, దానికి ఏది దొరికినా తాసీల్దారు మెడకు కడతదని నీకు తెలుసు గదా, ఆ దినం అటు తోలుకుపోవద్దు, పోయినా పెట్టె ముట్టుకోవద్దు అని. ఇది చదివి నేను చాలాసేపు కత్తెర పట్టుకుని కూర్చున్నా. చోటు చెప్పే మాట ఏదైనా కత్తిరించమని ఆయన చెప్పినారు. మేక మెడ చోటు కిందికి వస్తదా రాదా? ఆయనను అడుగుదామంటే అడిగినట్టే చెప్పినట్టు అవుతుంది. చివరికి, మేకైనా అది ఉన్నకాడ ఉంటది గదా, అది కూడా చోటే అని కత్తిరించేసినా. పోస్టు కార్డులో మీరు అదే మళ్లీ పెద్ద అక్షరాలతో రాసినారు. మళ్లీ కత్తిరించినా. ఒకసారి కత్తిరించినాక రెండోసారి వదలడం న్యాయం కాదు గదా.

ఈ సంగతి ఆయనకు చెప్పినా. కోపమొస్తుందనుకున్నా. సరిగ్గానే కత్తిరించావు అన్నారు.

ఇంక అర్జీ సంగతి. ఆయన మీకే కాదు, నాకూ చెప్పలేదు. గురువారం మోహన్‌కృష్ణ సారు ఇంటికొచ్చి టీ తాగి పోతూ, జనవరి ఐదు నుంచి ఆదివారం క్లాసు మొదలని చెప్తే తెలిసింది. కమిటీ వాళ్లు కార్డు లేదు గదా అన్నారంట. అప్పుడు మా ఆయన రోజువారీ పుస్తకం తెప్పించుకుని చూసినారంట. అందులో ఐదో పెట్టె పోయిన దారి నిమిషాలతో సహా ఉంది. సారు మళ్లీ మీ అడివికి వచ్చి ఆ దారి వెంబడి నడిచినాడంట, పొడుగునా మేక పెంటికలే అంట. పిల్లలు ముప్పై మందీ కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చినారంట, మాకు నేర్పింది ఈయనే అని. పోటీ పట్టీలో ఇప్పుడు కూడా ఆయన పేరు చివరే ఉంది. పక్కన ఎరుపు సిరాతో రాసినారు: "ఐదో చిల్లు మేక కడుపులో ఉన్నది."

చెప్పకుండా ఎందుకు దాచినారని అడిగినా. సంతకం పడిన కాగితం చేతికి రానీ అన్నారు. వచ్చి మూడు రోజులైంది. మొన్న దుకాణంలో తొంగి చూసినా. పంతొమ్మిది రేడియోలను రెండు వరసలుగా పెట్టి, వాటి ముందర నిలబడి, నమస్తే పిల్లలూ అంటా ఉన్నారు. నేను చప్పుడు చేయకుండా వచ్చేసినా. మీరు కూడా తెలీనట్టే ఉండండి.

ఇట్లు,
మీ చెల్లెలు లాల్బీ


మార్కాపురం,
6 జనవరి 2025.

బ్రహ్మం బావకు,

నిన్న మొదటి క్లాసు జరిగింది. వచ్చినవాళ్లు: పదకొండు మంది. అందులో పొదిలి నుంచి ఒకరు, బస్సులో. లేటుగా వచ్చినవాళ్లు: ఒకరు, మోహన్‌కృష్ణ గారు. పనిచేసిన రేడియోలు పంతొమ్మిదిలో పదహారు. ఒకదాంట్లో కందిరీగలు మళ్లీ చేరాయి. ఆ రేడియోను అందరికన్నా జాగ్రత్తగా విప్పారు.

నమస్తే పిల్లలూ అని మొదలుపెట్టాలని అనుకున్నాను. నోట్లోంచి ఊ అని వచ్చింది. తరువాత సర్దుకుంది.

చివరి బెంచీ మీద లాల్బీ కూర్చుంది. పిలవలేదు, తనే వచ్చింది. పెట్టెను కాలేజీ తోటలో దాచి, దిక్కు పట్టడం నేర్పుతున్నాను. కడ్డీ తిప్పగానే అందరికన్నా ముందు ఆమెకే దిక్కు దొరికింది. మోహన్‌కృష్ణ గారు ఎలా పట్టారమ్మా అని అడిగారు.

"కూత ఆగిపోయిన వైపే పెట్టె ఉంటదా సార్?" అంది ఆమె.

అవునన్నాను నేను.

"అయితే నాకు ముప్పై అయిదేండ్ల అలవాటు. మా ఇంట్లో చప్పుడు లేని వైపు చూసుకుంటే చాలు, ఈయన అక్కడే ఉంటారు."

పిల్లలు చాలాసేపు నవ్వారు. నేను బోర్డు తుడిచాను. అప్పటికి దాని మీద ఏమీ రాసి లేదు.

తాసీల్దారుకు ఒక కట్ట కాగితాలు పంపిస్తున్నాను. ఖాళీవే. తిననీ.

ఇట్లు,
బాబావలి